పక్క ఊరి జవాను, పరాయి జవాను: మద్రాసు పోలీసు భర్తీపై ఒక పునఃపరిశీలన

వలస పోలీసు చరిత్ర రాసేవారిలో చాలామంది ఐర్లండులో బయలుదేరి సింధు మీదుగా మద్రాసు చేరుకుంటారు. ఆ దారి వేసినవాడు సర్ చార్లెస్ జెఫ్రీస్. వలస దళాలకు మూస లండన్ పోలీసు కాదు, ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ అని 1952 నాటి ‘ది కలోనియల్ పోలీస్’లో తేల్చాడు, 1843లో బ్రిటిష్ సేనాని నేపియర్ సింధులో నిలిపిన దళంతో కథ మొదలుపెట్టాడు. జెఫ్రీస్ కొలువు కలోనియల్ ఆఫీసులో. మద్రాసు ఆ ఆఫీసు చేతికింద ఒక్కరోజూ లేదు. అయినా ఆ మూసను మనవాళ్లూ మారుమాట లేకుండా అరువు తెచ్చుకున్నారు.

తుపాకులు, కవాతులు చూస్తే పోలిక నిజమే అనిపిస్తుంది. భర్తీ దగ్గరకొచ్చేసరికి తేలిపోతుంది. ఐర్లండులో జవానును సొంత కౌంటీలో పనిచేయనిచ్చేవారు కాదు. మద్రాసులో 1859 నాటి 24వ చట్టం కింద విలియం రాబిన్సన్ కూర్చిన దళంలో మాత్రం జిల్లా జవాన్లు ఎక్కువగా ఆ జిల్లా మనుషులే. ఇందులో సిద్ధాంతమేమీ లేదు, ఉన్నదల్లా జీతం. జవానుకు నెలకు కనీసం 8 రూపాయలైనా ఇవ్వండని 1902-03 నాటి ఫ్రేజర్ పోలీసు కమిషన్ చెప్పాల్సి వచ్చింది. ఆ డబ్బుకు తంజావూరు మనిషి గంజాం వస్తాడా? అదే కమిషన్ సబ్ ఇన్‌స్పెక్టర్లను మాత్రం నేరుగా తీసుకోమంది. ఇక పై కొలువులకు లండన్‌లో పరీక్ష రాసిన దొరలుండనే ఉన్నారు.

ఈ తేడా బరువెంతో విశాఖ మన్యంలోని గూడెం కొండల్లో తెలుస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరసగా కొట్టి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. అయితే స్థానిక జవానును వాళ్లు ఎలా చూశారో చెప్పే సాక్ష్యం సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దొరుకుతుంది. ముందు నడుస్తున్న దేశీ జవాన్లను పోనిచ్చి, వెనకొస్తున్న కవర్డ్, హైటర్ అనే దొరలను కాల్చారు. తిరుగుబాటుదారుల లెక్కలో ఖాకీ వేసుకున్నవాడల్లా శత్రువు కాడు.

దామనపల్లి తర్వాత ప్రభుత్వం నమ్ముకున్నది విశాఖ జవానును కాదు. మాప్పిళ్ల తిరుగుబాటు వేళ 1921లో పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసును దింపింది. అదీ చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. తెలుగు రానివాడు, చుట్టరికం లేనివాడు, కొండ దిగితే మళ్లీ ఈ ముఖాలు చూడనక్కర్లేనివాడు కావలసి వచ్చాడు. ఐర్లండు సూత్రం మన్యంలో అడుగుపెట్టింది అప్పుడే, 1859 చట్టంతో కాదు. మద్రాసులో తేలిన వరుస ఇదీ: చవకకు పక్క ఊరివాడు, భయానికి పరాయివాడు.

దొరలు పోయాక కూడా ఆ భర్తీ విధానం పోలేదు. 1949లో కమ్యూనిస్టుల వేటలో కృష్ణా జిల్లా ఎలమర్రు, కాటూరు గ్రామాల మీద పడ్డవాళ్లను అక్కడి జనం మలబారు పోలీసులనే పిలిచారు.