రెండు పెళ్లిళ్లు, ఒకే నినోంగ్

ఆగస్టు 31 రామన్ మెగసెసె జయంతి. ఆయన్ని మనం అవార్డుగానే ఎరుగుదుం. పోచంపల్లిలో భూదానానికి నాంది పలికిన వినోబాకు 1958లో, పిల్లల్ని పనిలోంచి బడికి నడిపించిన శాంతా సిన్హాకు 2003లో అందింది అదే. ఫిలిప్పీన్స్‌లో ఆయన ఒకప్పటి దేశాధ్యక్షుడు. నాకు మాత్రం ఆయన్ని ఒక నినోంగ్‌గా తలచుకోవడమే ఇష్టం.

నినోంగ్ అంటే జ్ఞానతండ్రి. బాప్తిస్మంలోనో పెళ్లిలోనో పెద్దగా నిలబడేవాడు. బిడ్డ తండ్రికి అతను కుంపారె అవుతాడు, వియ్యమందినంత దగ్గరి చుట్టం. అతను చేసిన మేలు జన్మంతా గుర్తుంచుకోవాల్సిన రుణం.

ఈ బంధం అక్కడికి బాప్తిస్మంతో పాటే వచ్చింది. 1521లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మెజెల్లన్ సెబు దీవి రాజు హుమబోన్‌కు బాప్తిస్మం ఇప్పించాడు, రెండు వారాలకే మక్తాన్ పోరులో చనిపోయాడు. 1568లో సెబు పాలకుడు తుపాస్‌కు స్పెయిన్ సేనాని లెగాస్పి జ్ఞానతండ్రి అయ్యాడు. తర్వాత మూడు శతాబ్దాలలో భూస్వామి తన కౌలుదారు బిడ్డకు నినోంగ్ కావడం ఊళ్ల ఆనవాయితీగా స్థిరపడింది. అమెరికా పాలనలో 1907లో శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి ఆ చుట్టరికం ఓట్లకూ పనికొచ్చింది.

ఇక 1954. మే 1న మనీలాలో ఫెర్డినాండ్ మార్కోస్, ఇమెల్డాల చర్చి పెళ్లి. అంతకు ముందు వాళ్లకు పరిచయమై పదకొండు రోజుల్లోనే రిజిస్టరు పెళ్లి అయిపోయింది. మార్కోస్ ప్రతిపక్ష లిబరల్ ఎంపీ. అయినా అధ్యక్షుడు మెగసెసె నినోంగ్‌గా నిలబడ్డారు. పార్టీ వేరైతేనేం, పిలుపు వచ్చాక కాదనలేని బంధం అది. అక్టోబరు 11న పాసాయ్‌లో మరో పెళ్లి. వరుడు ఇరవై ఒక్కేళ్ల విలేకరి నినోయ్ అక్వినో. హుక్ అనే రైతు తిరుగుబాటు నేత లూయిస్ తరుక్ లొంగుబాటుకు ఆ మే నెలలోనే మధ్యవర్తిగా నడిచినవాడు. వధువు కొరజోన్. ఇక్కడా నినోంగ్ మెగసెసెనే. ఆ రెండు జంటలూ ఒకే పెద్దమనిషి బిడ్డలయ్యాయి.

1957 మార్చి 17న అదే సెబు దీవిలో, మనుంగల్ కొండ మీద విమానం కూలి మెగసెసె మరణించారు. ఆ బిడ్డల గొడవ చూసే దుఃఖం ఆయనకు తప్పింది. 1972లో మార్కోస్ మార్షల్ లా విధించి నినోయ్‌ని జైల్లో పెట్టాడు. 1983 ఆగస్టు 21న నినోయ్‌ని మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపారు. 1986లో కొరజోన్ అధ్యక్షురాలు అయింది, మార్కోస్ హవాయి పారిపోయాడు.

కొరజోన్ హయాంలో వచ్చిన 1987 రాజ్యాంగం కుటుంబ పాలనను చట్టం చేసి నిషేధించమంది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ చట్టం రాలేదు. 2016లో యువజన మండళ్ల వరకు ఒక నిబంధన వచ్చింది, అంతే. 2010లో కొరజోన్ కొడుకు అధ్యక్షుడయ్యాడు, 2022లో మార్కోస్ కొడుకు.