తుపాకి, తూటా, గురి

డిచ్‌పల్లి పేరు వినగానే కొందరికి గుట్టమీది రామాలయం గుర్తుకు వస్తుంది. పెద్దవారికి విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి, కుర్రవాళ్లకు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం. ఆర్మూరు వైపు పోయే జాతీయ రహదారి మీద, పసుపు పండే నేలల నడుమ ఉన్న ఊరు ఇది. ప్రత్యేక పోలీసు ఏడవ బెటాలియన్ కూడా ఇక్కడే ఉంది. కనుక ఖాకీ బట్ట, భుజాన తుపాకి మాకు కొత్త దృశ్యాలు కావు. అయినా తుపాకుల గురించి మన భాషలో నేను చదివిన కొద్దిపాటి రాతల్లో తుపాకి పేరు, చేసిన దేశం, నిమిషానికి ఎన్ని గుండ్లు పేలుతాయన్న లెక్క ఉంటాయి. అందులో వేసే తూటా ప్రస్తావన మాత్రం అరుదు. నన్నడిగితే గురి చరిత్రలో సగం తూటాదే. ఈ టపా ఆ సగం గురించి.

తుపాకి గురిని శాస్త్రంగా పరీక్షించినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. గుండు వేగాన్ని కొలవడానికి వేలాడే చెక్క దిమ్మెను సాధనంగా మలచి, 1742లో తన ఫిరంగి శాస్త్ర గ్రంథాన్ని ప్రకటించాడు. ఒక తుపాకి గొట్టాన్ని చివర ఎడమకు వంచి, వరుసగా కట్టిన పలుచని కాగితపు తెరల గుండా పేల్చి చూశాడు. గుండు మొదట ఎడమకు పోయి, తరువాత కుడికి మళ్లింది. తన చుట్టూ తాను తిరిగే గుండు గాలిలో దారి మార్చుకుంటుందని ఆ తెరల మీది రంధ్రాలు చెప్పాయి. అడ్డదిడ్డంగా తిరిగే గుండు గురి తప్పుతుంది. గొట్టం లోపల మరచుట్లు కోసి, ఒక పద్ధతిలో తిప్పితే నిలకడగా పోతుంది. ఈ మాటను గట్టిగా చెప్పిన రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల పనికి మన తూర్పు తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు.

మరచుట్టు ఎంత బిగువుగా ఉండాలన్నది తరువాతి ప్రశ్న. 1879లో గ్రీన్‌హిల్ అనే ఆచార్యుడు దీనికొక సూత్రం కట్టాడు. దాని సారాంశం చిన్నదే: లావు మారకుండా గుండు పొడవు పెరిగితే, అది నిలకడగా పోవడానికి మరింత వేగంగా తిరగాలి. అంటే మరచుట్టు బిగువుగా ఉండాలి. పొట్టి గుండు కోసం కోసిన గొట్టంలో పొడుగు గుండు పెడితే అది గాలిలో తూలుతుంది.

ఇక బుల్‌పప్ తుపాకి దగ్గరికి వద్దాం. ఇందులో ట్రిగ్గర్ ముందు, మ్యాగజైన్ వెనుక ఉంటాయి. పేలుడు యంత్రాంగమంతా భుజానికి ఆనే భాగంలోకి జరుగుతుంది. అందువల్ల గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకి పొట్టిదవుతుంది. అమెరికా వారి ఎం-16ఎ1 పొడవు 99 సెంటీమీటర్లు కాగా, ఫ్రాన్స్ వారి ఫమాస్ పొడవు 76 సెంటీమీటర్లలోపే. రెండింటి గొట్టాల మధ్య తేడా మాత్రం రెండు సెంటీమీటర్లు. కానీ ట్రిగ్గర్‌కూ వెనుకనున్న యంత్రాంగానికీ మధ్య పొడవాటి లంకె ఉంటుంది కనుక ట్రిగ్గర్ బిగువుగా, మెత్తగా తెలుస్తుంది. గురి పరీక్షలో ఇది ముఖ్యం. చేతిలోని లోపం తూటా లోపంగానూ, తూటా లోపం చేతి లోపంగానూ కనిపించవచ్చు.

అందుకే న్యాయమైన పరీక్షలో తుపాకి ఒకటే, ఆనిక ఒకటే, పేల్చే మనిషి ఒకడే. మారేది తూటా మాత్రమే. వంద మీటర్ల దూరాన అట్ట పెట్టి, ఒక్కొక్క రకం తూటాతో అయిదో పదో పేల్చి, రంధ్రాలు ఎంత వెడల్పున చెదిరాయో కొలుస్తారు. ఆ దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్లను ఒక కోణ నిమిషంగా లెక్కిస్తారు. మూడు గుండ్లతో తేల్చేస్తే అదృష్టం కూడా లెక్కలో చేరుతుంది. ఒక రకం రెండు నిమిషాలలో ఒదిగి, మరొక రకం ఆరింటికి చెదిరితే, తప్పు కంటిది కాదని తేలుతుంది.

ఫమాస్‌కు జరిగింది ఇదే. ఫ్రాన్స్ దీనిని 1978లో స్వీకరించింది. గొట్టంలోని మరచుట్టు 12 అంగుళాలకు ఒకటి. అప్పటి 55 గ్రెయిన్ల తేలిక గుండుకు అది సరిపోయింది. 1980లో నాటో కూటమి బెల్జియం వారి ఎస్.ఎస్.-109 తూటాను ప్రమాణంగా ఎంచుకుంది. దాని గుండు 62 గ్రెయిన్లు. ముక్కులో ఉక్కు ముక్క ఉంటుంది, పొడవు ఎక్కువ. దానితోపాటు వాడే, దారి చూపుతూ మండే గుండు ఇంకా పొడవు. వాటికోసం అమెరికా తన కొత్త ఎం-16ఎ2కు 7 అంగుళాల మరచుట్టు పెట్టింది. కొత్త తూటాను పాత ఎం-16ఎ1లో యుద్ధంలో గత్యంతరం లేనప్పుడు, అదీ 90 మీటర్ల లోపు మాత్రమే పేల్చాలని అమెరికా సైనిక శిక్షణ పుస్తకమే హెచ్చరించింది. ఫమాస్ మరచుట్టు కూడా 12 అంగుళాలదే కనుక చిక్కు అదే. పైగా ఫమాస్ యంత్రాంగం ఖాళీ గుళ్లను చాలా దురుసుగా వెనక్కు లాగుతుంది. ఉక్కు గుల్ల తట్టుకుంటుంది గాని ఇత్తడి గుల్ల చిరగవచ్చు. స్వదేశంలో తూటాల తయారీ నిలిచిపోయాక ఈ ఇబ్బంది ఫ్రాన్స్‌కు బాగా తెలిసివచ్చింది. 9 అంగుళాల మరచుట్టుతో జి2 అనే రకం చేసినా సేన అంతటికీ అందలేదు. 2017 నుండి జర్మనీ తుపాకి హెచ్.కె.416 ఫమాస్ స్థానంలోకి రాసాగింది. ఆస్ట్రియా 1977లో తీసుకున్న స్టయర్ బుల్‌పప్‌లో మరచుట్టు 9 అంగుళాలు. రెండు రకాల గుండ్లనూ అది నిలబెట్టగలిగింది.

తూటా కోసం ఏకంగా ప్రాణమే పోగొట్టుకున్న బుల్‌పప్ ఒకటుంది. బ్రిటన్ 1951 ఏప్రిల్‌లో ఇ.ఎం.-2 అనే తుపాకిని స్వీకరించింది. అది 0.280 అంగుళాల మధ్యరకం తూటాతో పేలేది. అమెరికా మాత్రం పెద్ద తూటాయే కావాలని పట్టుబట్టింది. ఆ ఏడాది అక్టోబరులో చర్చిల్ తిరిగి ప్రధాని అయి, కూటమి ఐక్యత పేరిట ఇ.ఎం.-2ను పక్కన పెట్టాడు. 7.62 మిల్లీమీటర్ల తూటా ప్రమాణమయింది. దానికి తగినట్టు మార్చిన బెల్జియం తుపాకి బ్రిటన్‌లో ఎస్.ఎల్.ఆర్. అయింది. దాని భారతీయ రూపం 1960లలో ఇషాపూర్ కర్మాగారం నుండి వచ్చి, దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాన వేలాడింది. మా ఊరి దారిలో నేను చూసిన ఆ పొడవాటి, బరువైన తుపాకి వెనుక లండన్, వాషింగ్టన్‌లలో ఒక తూటా మీద జరిగిన పేచీ ఉందని ఈ చరిత్ర చదివాకగాని నాకు స్ఫురించలేదు.

మన దేశంలో ప్రత్యేక దళాల చేతికి ఇజ్రాయెల్ బుల్‌పప్ టావోర్ 2000ల దశకంలో వచ్చింది. 2017లో గ్వాలియర్ సమీపాన మాలన్‌పూర్‌లో ఆ కంపెనీ తుపాకుల తయారీకి కర్మాగారం కూడా మొదలయింది. ఇన్సాస్ కోసం మన కర్మాగారాలు చేసే 5.56 తూటా ఉండనే ఉంది. లావు ఒకటే కదా అని సరిపెట్టుకుంటే ఫమాస్ పాఠం వృథా. మందు వేరైతే వేగం వేరు, గుల్ల వేరైతే పట్టు వేరు, గుండు పొడవు వేరైతే నిలకడ వేరు. విత్తనం మార్చే రైతు నేల ఒప్పుతుందా అని ముందు చూసుకుంటాడు. ఆయుధాలు కొనేవారికీ అంతటి శ్రద్ధ ఉండాలి.

ఇది కేవలం యంత్రాల ముచ్చట కాదు. గురి తప్పిన ప్రతిసారీ మనం మొదట అనుమానించేది పేల్చిన మనిషిని. చేయి వణికిందనీ, శిక్షణ చాలలేదనీ అంటాం. తూలిన గుండు ఎవరికి తగులుతుందో చెప్పలేం. అది పక్కనున్న సహచరుడు కావచ్చు, దారినపోయే నిరపరాధి కావచ్చు. ఏ తూటా ఇవ్వాలో నిర్ణయించినవారి సంతకం ఆ అట్ట మీద కనిపించదు. కానిస్టేబుల్ పేరు పక్కన మార్కులు మాత్రం కనిపిస్తాయి. అతడిని తప్పుపట్టే ముందు, అదే తుపాకిని ఆనిక మీద పెట్టి, రెండు రకాల తూటాలు పదేసి చొప్పున పేల్చి చూడడం కనీస న్యాయం. రాబిన్స్ రెండున్నర శతాబ్దాల క్రితమే కాగితపు తెరలు కట్టి చూశాడు. మనకు కావలసింది కూడా వంద మీటర్ల నేల, ఒక అట్ట, కొంత ఓపిక, అంతే.