బంగారం పోయాక పెరిగిన దూరం

రామగిరి గుట్టల్లో బంగారం తీసినన్నాళ్లూ మా ఇంట్లో పనికోసం బస్సెక్కినోళ్లు లేరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ కంపెనీ జిబుటిల్ దగ్గర గని తవ్వి, 1920ల్లో వదిలేసి పోయింది. చాలా ఏండ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ యెప్పమాన దగ్గర మళ్లీ దిగింది. మా నాయన సద్ది కట్టుకొని షిఫ్టుకు నడిచే పోయేవాడు.

టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది కొన్ని గ్రాముల బంగారం. అంత రాయిని ఎవరు మోస్తారు? అందుకే మిల్లు గని పక్కనే ఉండాలి, కూలీ కూడా పక్కనే ఉండాలి. కోలారు బంగారు గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ కూలి లైన్లు గనుల దగ్గరే వేసింది కార్మికుల మీద ప్రేమతో కాదు. ఇరుకు గదులు వాళ్లకు, బంగళాలు దొరలకు. అయినా పని, అంగడి, గుడి, బడి కాలినడకన అందేవి. ఆ ఒక్క సుఖం మాత్రం నిజం.

2001లో కోలారు, యెప్పమాన రెండూ మూతపడ్డాయి. కోలారు గనుల జనం ఇప్పుడు తెల్లారకముందే రైలెక్కి, వంద కిలోమీటర్ల అవతలున్న బెంగళూరుకు పనికి పోతున్నారు. మా ఊళ్లో ఆ రైలు కూడా లేదు. గుట్టల మీద గాలిమరలు ఉన్నాయిగానీ, వాటిని చూసుకోవడానికి నలుగురు చాలు.

ఆ తర్వాత వచ్చింది కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019లో కార్లు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 44వ జాతీయ రహదారి పక్కన. నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. గని మనుషులను తన దగ్గరికి తెచ్చుకుంది. ఈ ఫ్యాక్టరీ రోడ్డును నమ్ముకుంది. కార్లు చేసే పిల్లల్లో చాలామంది కంపెనీ బస్సుల్లోనే వచ్చిపోతారు.

ఊళ్లు కట్టే తీరూ అలాగే మారింది. 1565 తర్వాత విజయనగర రాజులు కాపురం పెట్టిన పెనుకొండలో గగన్‌మహల్ నుంచి బాబయ్య దర్గాకు నడిచి పోవచ్చు. హైవే పక్కన ఇళ్ల స్థలాల వెంచర్ల బోర్డుల మీద మాత్రం దూరం నిమిషాల్లో రాస్తారు. ఆ నిమిషాలు కారున్నోడివి. నేను చూసిన ఒక వెంచర్లో ఆర్చి ఉంది, సిమెంటు రోడ్లున్నాయి. పాల ప్యాకెట్టు కావాలంటే మాత్రం బండి తీయాల్సిందే.