విశ్వారంభమునకు శాసనమేది?

హైదరాబాదునుండి విజయవాడకు పోవు మార్గమున, సూర్యాపేటకును కోదాడకును నడుమ మునగాల యున్నది. నేడిది సూర్యాపేట జిల్లాలోనిది. బ్రిటిషు పాలనలో చుట్టును నైజాము రాజ్యమే యుండగా, ఈ పరగణా మాత్రము మదరాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చెందియుండెను. ఈ సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావుగారు చరిత్ర పరిశోధకులు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలికి వారే ప్రాణము. చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను గూడ తెలుగువారికి తెలుగులోనే అందింపవలెనని ఆ మండలి గ్రంథములు ప్రకటించెను. తరువాత లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిరి. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మహాకార్యము అసంపూర్ణముగా నుండగనే 1923 జూలై 12న వారు దివంగతులైరి.

అదే సంవత్సరము అక్టోబరు నెలలో, అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలయందు ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారికలో కాంతి మారుచుండు తార నొకదానిని గుర్తించెను. దాని దూరమును లెక్కింపగా, ఆ నీహారిక మన పాలపుంతకు వెలుపలనున్న మరియొక తారాసముదాయమని తేలెను. అనగా లక్ష్మణరావుగారి సర్వస్వము వెలువడిన దినములలో విశ్వమెంతటిదో పండితులకే నిశ్చయముగా తెలియదు. అది ఎట్లు పుట్టినదను ప్రశ్న అప్పటికింకను శాస్త్ర పరిధిలోనికి రాలేదు.

ఆ పిమ్మట మార్పు త్వరితముగా జరిగెను. దూరపు తారాసముదాయములు మననుండి తొలగిపోవుచున్నవనియు, దూరము హెచ్చినకొలది వేగము హెచ్చుచున్నదనియు 1929లో హబుల్ ప్రకటించెను. విశ్వము వ్యాపించుచున్నచో, పూర్వమది మిక్కిలి చిన్నదై, మిక్కిలి వేడిగా నుండవలెను. విశ్వము మిక్కిలి చిన్న స్థితినుండి మొదలైనదను ఊహను బెల్జియము దేశస్థుడు లెమైత్రు 1931లో స్పష్టముగా చెప్పెను. అయినను చరిత్రకారుడు ఊహతో తృప్తి చెందడు, శాసనము కావలెననును. ఆ శాసనము 1965లో దొరికెను. పెన్జియాస్, విల్సన్ అనువారు ఆకాశమున అన్ని దిక్కులనుండియు వచ్చు మందమైన సూక్ష్మతరంగములను కనుగొనిరి. విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు వెలువడిన వెలుగే చల్లారి నేడిట్లు అందుచున్నది. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములని నేటి లెక్క.

ఇంకను వెనుకకు పోయినచో నేమగును? కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రకటించిన సమీకరణమును ఆధారము చేసికొని, పెన్‌రోజ్, హాకింగ్ అనువారు 1970 నాటికి ఒక విషయము నిరూపించిరి. ఐన్‌స్టైన్ సిద్ధాంతమునే నమ్మి వెనుకకు లెక్కించినచో, సాంద్రత అనంతమగు స్థితి తప్పదు. అనంతము వచ్చినదనగా ప్రకృతి రహస్యము తెలిసినదని కాదు, ఆ చోట మన లెక్క పనికిరాదని యర్థము. అణువులకంటె సూక్ష్మమైన ప్రపంచమును వివరించు క్వాంటం శాస్త్రమును గురుత్వాకర్షణతో కలుపనిదే ముందుకు పోజాలము.

ఈ కలయికకు ఒక మార్గము అనుకొనకుండ దొరికెను. పరమాణు కేంద్రకములోని ప్రబల శక్తిని వివరించుటకై 1968లో ఇటలీ దేశీయుడు వెనెజియానో ఒక సూత్రము కూర్చెను. అది కంపించు సన్నని తంతువులకు చెందిన సూత్రమని నంబు, నీల్సన్, సస్‌కిండ్ అనువారు వేర్వేరుగా గ్రహించిరి. దీనికే స్ట్రింగ్ సిద్ధాంతమని పేరు, తంతు సిద్ధాంతమనవచ్చును. వీణతీగ యొకటే యైనను కంపన భేదముచే స్వరములు వేరగునట్లు, ఒకే తంతువు వేర్వేరు కణములుగా కనిపించునని దీని సారము. కాని కేంద్రక శక్తికి ఇంతకంటె మంచి సిద్ధాంతము వచ్చుటచే పలువురు దీనిని విడిచిరి. పైగా ఇందులో ఎవరికిని అక్కరలేని ద్రవ్యరాశిలేని కణమొకటి అడ్డు వచ్చుచుండెను. 1974లో షెర్క్, ష్వార్జ్ అనువారును, జపానులో యోనెయాయును ఆ కణమే గురుత్వమును మోయునదని చూపిరి. దోషమనుకొన్నదే గుణమైనది.

తంతు సిద్ధాంతము పొసగవలెనన్న దేశమునకు మూడు కాదు, తొమ్మిది పరిమాణములు కావలెను. మిగిలిన ఆరును కంటికి అందనంత చిన్నవిగా ముడుచుకొని యుండవలెను. మూడే ఎందుకు పెద్దవైనవి? 1989లో బ్రాండెన్‌బర్గర్, వఫా ఒక సమాధానము సూచించిరి. ఆరంభమున తొమ్మిదియు చిన్న వలయములే. గడ్డిమోపునకు బిగించిన మోకువలె, వలయముల చుట్టును చుట్టుకొన్న తంతువులు వాటిని వ్యాపింపనీయవు. ఎదురెదురుగా చుట్టుకొన్న రెండు తంతువులు కలిసికొన్నచో ఆ చుట్టు విడిపోవును. సన్నని దారముపై ఎదురెదురుగా నడచు రెండు చీమలు కలియక తప్పదు. విశాలమైన పొలములో రెండు ఈగలు ఎన్నడును కలియకపోవచ్చును. తంతువులు తరచుగా కలిసికొనుటకు మూడు పరిమాణములే హద్దు. కావున మూడింటి కట్లు విడిపోయి అవి పెరిగినవి; మిగిలినవి బిగిసియే యున్నవి. మరియొక విశేషము: తంతువులకు మిక్కిలి చిన్న వలయమును, తగినంత పెద్ద వలయమును ఒకే తీరున కనిపించును. కావున అనంత సాంద్రతను తప్పించుకొనవచ్చునని వారి యాశ.

1993లో గాస్పెరీని, వెనెజియానో మహావిస్ఫోటమునకు పూర్వమును విశ్వమున్నదను వాదమును విస్తరించిరి. భారతీయులును ఈ పరిశోధనలో పాల్గొనిరి. ముడుచుకొన్న పరిమాణములను స్థిరముగా నిలుపు విధమును 2003లో చూపిన నలుగురిలో బొంబాయి టాటా సంస్థకు చెందిన సందీప్ త్రివేది యొకరు. అల్లాడి రామకృష్ణన్ కృషిచే 1962లో మదరాసున వెలసిన గణిత విజ్ఞాన సంస్థయందును, ఏడు పరిమాణములు నిలిచి మూడు వ్యాపించు తీరును గూర్చి 2009 ప్రాంతమున పరిశోధన జరిగెను.

మరి శాసనమేది? విశ్వారంభమున పుట్టిన గురుత్వ తరంగములే ఆ శాసనము కాగలవు. తొలిక్షణమున విశ్వము మహావేగముతో ఉబ్బినదను వాదము ప్రకారము పొట్టి తరంగములు కొంచెము బలహీనములు; తంతువుల వాదము ప్రకారము అవియే కొంచెము బలవంతములు. కొలిచినచో తగవు తీరును. 2014 మార్చిలో దక్షిణధ్రువపు దూరదర్శినితో ఇట్టి తరంగముల జాడ దొరికినదని ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే, ఆ జాడలో అధికభాగము మన పాలపుంతలోని ధూళివలన కలిగినదని తేలెను. దొరికిన శాసనము వేరొక కాలపుదని తెలిసినట్లయినది. తంతువులను ఇంతవరకు ఏ యంత్రమును చూపలేదు. సెంటీమీటరును ఒకటి ప్రక్కన 33 సున్నలున్న సంఖ్యచే భాగించినంతటివని అంచనా.

తరగతిలో విద్యార్థి విశ్వమునకు పూర్వమేమున్నదని యడుగును. వ్యాపనమునకు శాసనమున్నది, తొలి వేడికి శాసనమున్నది, తొలి క్షణమునకు మాత్రము ఇంకను లేదు, లెక్కలు మాత్రమున్నవి. ఉపాధ్యాయుడు ఈ మూడింటిని వేరుచేసి చెప్పినచో, శాస్త్రము ఎంతవరకు వచ్చినదో, తానెచ్చట మొదలుపెట్టవలెనో ఆ బాలునికే తెలియును.