కృష్ణకమలానికి ముందున్న పేర్లు

ఇంటి ముందు పందిరికి పాకించుకునే కృష్ణకమలం తీగ మనలో చాలామందికి తెలుసు. ఊదా పువ్వు చుట్టూ ఉన్న సన్నని పోగులు నూరుగురు కౌరవులనీ, మధ్యలోని ఐదు కేసరాలు పాండవులనీ, వాటిపైన ఉన్న మూడు త్రిమూర్తులనీ పెద్దలు చూపిస్తారు. చిన్నప్పుడు మేమూ లెక్కపెట్టాం. పోగులు ఏనాడూ సరిగ్గా వంద తేలలేదు!

ఈ తీగ జాతుల్లో చాలావరకు అమెరికా ఖండాలవి. ఇంగ్లీషులో ప్యాషన్ ఫ్లవర్ అంటారు. ఇక్కడ ప్యాషన్ అంటే మోజు కాదు, యేసు సిలువ శ్రమలు. అక్కడికి వెళ్లిన స్పెయిన్ మతగురువులకు ఆ పోగుల్లో ముళ్ల కిరీటం, ఐదు కేసరాల్లో ఐదు గాయాలు, పై మూడింటిలో మూడు మేకులు కనిపించాయి. 1610లో జాకమో బోసియో సిలువ గురించి రాసిన గ్రంథంలో ఈ పువ్వును వర్ణించాడు. 1753లో లిన్నేయస్ ప్యాసిఫ్లోరా అని పేరు ఖాయం చేశాడు. అదే ఐదు, అదే మూడు; ఎవరి కథ వారికి కనిపించింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

కానీ అంతకు వేల ఏళ్ల ముందు నుంచే దాని పండు తింటున్న ఆదివాసులు ఉన్నారు. వాళ్లు ఏమని పిలిచేవారు?

వర్జీనియా తీరంలోని పౌహాటన్ ప్రజలు మరకాక్ అన్నారు. 1612 నాటి ఇంగ్లీషువాళ్ల రాతల్లో ఆ మాట ఉంది. అదే నోళ్లలో నలిగి మేపాప్ అయిందంటారు. పండును తొక్కితే పాప్‌మని పగులుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని తర్వాతివాళ్లు అర్థం చెప్పుకున్నారు. అసలు మాట మరిచిపోయాక ఇలాంటి అర్థాలే పుడతాయి. పౌహాటన్ భాష మాట్లాడేవారు 18వ శతాబ్దం చివరికల్లా లేకుండా పోయారు.

చెరోకీలు ఉవాగ అన్నారు. 1821 నాటికి సెక్వోయా వారి భాషకు లిపి తయారుచేశాడు. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా వచ్చింది. పదేళ్లకే, 1838లో, సైన్యం వాళ్లను సొంత నేల నుంచి పడమటికి తరిమింది. దారిలోనూ శిబిరాల్లోనూ వేలమంది చనిపోయారు. కొండల్లో నిలిచిపోయిన కొందరి వారసులు నార్త్ కరోలినాలో నేటికీ ఉన్నారు. ఆ తీగ లేతాకు కూర వండుకోవడం, పండు రసం తాగడం వాళ్లకు తాతలనాటి అలవాటు.

పొరుగున టెనెసీలో ఆ తీగలు దట్టంగా అల్లుకున్న లోయకు, అందులో పారే నదికి ఆ పూలపేరే నిలిచింది: ఒకోయీ. చెరోకీ మాటే, ఇంగ్లీషు నోట కొంచెం మారింది. 1996 ఒలింపిక్స్‌లో వడినీటి పడవ పోటీలు ఆ నదిలోనే జరిగాయి.

మన కొండల్లోనూ ప్రతి తీగకూ మన భాషలో ఒక పేరుంది. బడిలో నేర్చిన పేరు చెప్పి ఊరుకోకుండా, ఈ సెలవుల్లో అవ్వతో అడవికి వెళ్లినప్పుడు ఆమె పలికినట్టే రాసి తీసుకురండి. పేరుతోపాటు అది తినేదా, మందా, ఏ నెలలో పూస్తుందీ కూడా రాయండి.