ఫస్ట్ బేస్‌కు ఎవరు చేరతారు: అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇద్దరు తెలుగు మూలాల ఆటగాళ్లు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో తెలుగు మూలాలున్న ఫస్ట్ బేస్‌మన్ ఇంకా రాలేదు. బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్ ఒకడు వచ్చాడు, రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుకాసే షార్ట్‌స్టాప్ ఒకడు దారిలో ఉన్నాడు. మనవాళ్లకు ఆ ఆట అలవాటు లేదు కాబట్టి అనేసి ఊరుకోవడం తేలిక. కానీ ఫస్ట్ బేస్ అనేది చాలామంది వృత్తిలో కొన్నేళ్లు గడిచాక చేరుకునే చోటు. తెలుగు మూలాలున్న కుమార్ రాకర్ 2022లో, అర్జున్ నిమ్మల 2023లో మేజర్ లీగ్ క్లబ్బులతో ఒప్పందం చేసుకున్నారు. అక్కడ ఎవరూ కనబడకపోవడానికి ఈ తేదీలే సగం జవాబు.

బ్యాటర్ బంతిని కొట్టి 90 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు పరుగెత్తుతాడు. ఫీల్డర్ బంతిని ఆపి అక్కడికి విసురుతాడు. పరుగెత్తేవాడు చేరేలోపు ఒక పాదం బేస్‌కు ఆనించి ఆ బంతిని అందుకోవడం ఫస్ట్ బేస్‌మన్ పని. విసురు పక్కకు పోయినా, నేలకు తగిలి లేచినా ఒళ్లు సాచి పట్టాలి. అందుకే పొడగరులకు, ఎడమచేతివాటం వాళ్లకు ఇక్కడ మొగ్గు ఎక్కువ. వేగం, విసిరే బలం మిగతా చోట్ల కావలసినంత అక్కర్లేదు. క్రికెట్‌లో దీనికి దగ్గరి చుట్టం స్లిప్. వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 135 క్యాచ్‌లు పట్టాడు, వాటిలో ఎక్కువ భాగం స్లిప్‌లోనే. వికెట్ల మధ్య అతని పరుగును మెచ్చుకున్నవాళ్లు మాత్రం తక్కువే. అయితే స్లిప్‌లో నిలబడ్డవాడికి పూటంతా ఒక్క క్యాచ్ కూడా రాకపోవచ్చు. ఫస్ట్ బేస్‌కు బంతి దాదాపు ప్రతి ఇన్నింగ్స్‌లోనూ వస్తుంది. అయినా ఫస్ట్ బేస్‌మన్‌కు క్లబ్బు డబ్బు ఇచ్చేది ప్రధానంగా బ్యాట్ చూసే.

బేస్‌బాల్ గణాంక విశ్లేషకుడు బిల్ జేమ్స్ ఫీల్డింగ్ స్థానాలను కష్టాన్ని బట్టి ఒక వరుసలో పేర్చాడు. షార్ట్‌స్టాప్ కష్టమైన కొసన ఉంటే, ఫస్ట్ బేస్ తేలికైన కొసన ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆటగాళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు జరుగుతారు. తిరిగి వెళ్లేవాళ్లు అరుదు. షికాగో కబ్స్‌కు ఆడిన ఎర్నీ బ్యాంక్స్ షార్ట్‌స్టాప్‌గా 1958లోనూ 1959లోనూ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మోకాళ్లు మొరాయించాక 1962 నుంచి ఫస్ట్ బేస్‌కు మారాడు. చివరికి లెక్క చూస్తే షార్ట్‌స్టాప్‌గా 1,125 ఆటలు, ఫస్ట్ బేస్‌లో 1,259. జనం మాత్రం అతన్ని షార్ట్‌స్టాప్‌గానే తలుచుకుంటారు. మారిన చోట గడిపిన కాలమే ఎక్కువైనా, జ్ఞాపకం తొలి చోటునే పట్టుకుని ఉంటుంది.

రాకర్‌ది పిచ్చర్ వృత్తి కాబట్టి అతను ఈ వరుసలోకి రాడు. అయినా ప్రొఫెషనల్ ఆటగాడి బతుకు ఎలా నడుస్తుందో చెప్పడానికి అతనికన్నా మంచి ఉదాహరణ దొరకదు. తల్లి తరపు తాతా అమ్మమ్మలు ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లినవారు. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో పేరుమోసినవాడు. 2019 జూన్‌లో డ్యూక్ జట్టు మీద వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున కుమార్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అప్పటికి కాలేజీలో అతనిది మొదటి ఏడే.

2021 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, న్యూయార్క్ మెట్స్ అతన్ని 10వ స్థానంలో ఎంచుకుంది. తర్వాత వైద్య పరీక్షలు చూసి, అతని చేతి మీద అనుమానంతో ఒప్పందం చేసుకోకుండా గడువు దాటనిచ్చింది. ఈ సంగతి హైదరాబాద్ చిక్కడపల్లిలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ, సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల దగ్గర ఏళ్లకేళ్లు గడిపినవాళ్లకు ర్యాంకు వచ్చి కూడా పోస్టింగ్ రాకపోవడం అంటే ఏమిటో తెలుసు. తేడా ఏమిటంటే, మెట్స్ కాదన్న ఆటగాడికి మరుసటి ఏడు ఇంకా పై స్థానం దొరికింది. 2022లో ట్రై సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టులో అయిదు ఆటల్లో బంతి వేసి చూపించాడు. టెక్సస్ రేంజర్స్ అతన్ని 3వ స్థానంలో తీసుకుని 52 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది. 2023 మే నెలలో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో తొలిసారి బంతి వేశాడు. మెట్స్ భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. ఆ భయానికి ఎంత వెల కట్టాలన్న దగ్గరే రెండు క్లబ్బులూ వేరయ్యాయి.

నిమ్మల దారి ఇంకా మొదట్లోనే ఉంది. ఫ్లోరిడాలోని స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ నుంచి 17 ఏళ్ల వయసులో, 2023 డ్రాఫ్ట్‌లో 20వ స్థానంలో టొరంటో బ్లూ జేస్‌కు ఎంపికయ్యాడు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన మాట పక్కనపెట్టి 30 లక్షల డాలర్ల బోనస్‌కు సంతకం చేశాడు. బ్లూ జేస్ కింది స్థాయి జట్లతో 2024లో డనీడిన్‌లో, 2025లో వాంకూవర్‌లో ఆడాడు. ఈ విజయాలకు క్రికెట్ రక్తమే కారణమని రాసే వాళ్లున్నారు. నాకు అందులో పస కనబడదు. ఇతన్ని తయారుచేసింది ఏడాది పొడుగునా బేస్‌బాల్ ఆడించే ఫ్లోరిడా ఎండ, అక్కడి స్కూలు జట్ల వ్యవస్థ, పిల్లాడి ఆటకు సమయమూ డబ్బూ పెట్టగలిగిన కుటుంబం.

బోనస్ అంకెలు చూసి మోసపోకూడదు. 2023లో కుదిరిన కార్మిక ఒప్పందం ప్రకారం డనీడిన్ స్థాయిలో కనీస వార్షిక వేతనాన్ని ఆ ఏడు 26,200 డాలర్లుగా నిర్ణయించారు. అదే 2024లో మేజర్ లీగ్ కనీసం 7,40,000 డాలర్లు. మధ్యలో ఉన్న మెట్లలోనే చాలామంది వృత్తి ముగిసిపోతుంది.

నిమ్మల షార్ట్‌స్టాప్‌గానే నిలుస్తాడా, ఒళ్లు బరువెక్కి థర్డ్ బేస్‌కో ఆ తర్వాత ఫస్ట్ బేస్‌కో జరుగుతాడా అన్నది అతని నడుమూ కాళ్లూ తేల్చాలి. అతని క్లబ్బులోనే ఇందుకు నమూనా ఉంది. వ్లాదిమిర్ గెరేరో జూనియర్ థర్డ్ బేస్‌మన్‌గా వచ్చి, 2020లో 21 ఏళ్లకే ఫస్ట్ బేస్‌కు మారాడు. 2025 ఏప్రిల్‌లో బ్లూ జేస్ అతనితో 14 ఏళ్లకు 50 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అది 2026లో మొదలై 2039తో ముగుస్తుంది. అప్పటికి నిమ్మలకు 34 ఏళ్లు దగ్గరపడతాయి.