కొండదారిలో నిలిచిన పాతబండ్లు

పాతవస్తువును కాపాడుటకు రెండు మార్గములు కలవు. ఉన్నదున్నట్లు భద్రపరచి పండుగనాడు నలుగురికి చూపుట యొకటి. అరిగిన భాగములను మార్చుకొనుచు నిత్యము వాడుకొనుట రెండవది. మన పల్లెలలో తాతలనాటి ఎడ్లబండికి ఇరుసు మార్చుదురు, చక్రమునకు కొత్త ఇనుపపట్టా వేయింతురు. అయినను అది తాతగారి బండియే. మోటారు వాహనముల విషయమున ఈ రెండవ మార్గమెంత దూరము పోగలదో తెలిసికొనగోరువారు డార్జిలింగు జిల్లాలోని మానేభంజాంగు అను చిన్న ఊరి చరిత్రను చూడవలయును.

మానేభంజాంగు నేపాలు సరిహద్దున ఉన్నది. అచ్చటినుండి సందక్‌ఫూ శిఖరమునకు సుమారు 31 కిలోమీటర్ల దారి. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాలు రాష్ట్రములో ఇంతకంటె ఎత్తైన చోటు లేదు. ఆకాశము నిర్మలముగా నున్ననాడు కాంచనజంగ, ఎవరెస్టు, లోట్సే, మకాలు శిఖరములు నాలుగును అచ్చటినుండి కానవచ్చును. నిట్టనిలువు మలుపులతో, గుండ్రాళ్లతో నిండిన ఈ దారిలో 1950 ప్రాంతపు లాండ్‌రోవరు బండ్లు సుమారు నలువది, దశాబ్దముల తరబడి బియ్యము, కూరగాయలు, వంటగ్యాసు, రోగులు, యాత్రికులు అను భేదము లేక అందరిని, అన్నిటిని మోసినవి.

ఈ బండి పుట్టుకయే ఒక మరమ్మతు సమస్యనుండి కలిగినది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము కొరకు జీపు పుట్టినది. యుద్ధము ముగిసినపిమ్మట మిగులుసరుకుగా అమ్మిన జీపు నొకదానిని ఇంగ్లండులోని రోవరు కంపెనీ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్, వేల్సులోని ఆంగ్లసీ ద్వీపమున తన పొలములో వాడుచుండెను. అది అరిగిపోయినచో దాని స్థానమున నిలుపుటకు తగిన బండి బ్రిటనులో లేదు. ఆ లోటు తీర్చుటకై చేసిన బండి 1948 ఏప్రిలులో ఆంస్టర్‌డాం ప్రదర్శనలో లోకమునకు కానవచ్చినది. ముందు చక్రమునకు వెనుక చక్రమునకు నడుమ దూరము జీపునకు వలెనే 80 అంగుళములు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు చోటు, వెనుక సరుకువేయు తెరపిపెట్టె, పైన గుడ్డకప్పు: రైతుకు కావలసిన పికప్పు బండి అదియే. ఆనాడు బ్రిటనులో ఉక్కునకు కరవు. కావున పైరేకులను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. కొలదికాలము నడచిన చాలునని కంపెనీవారు తలచిన ఈ వంశము 2016 జనవరి వరకు నిలిచినది.

డార్జిలింగు తేయాకు తోటల దొరలు ఈ బండ్లను తెప్పించుకొనిరి. స్వాతంత్ర్యానంతరము వారు స్వదేశమునకు మరలినపుడు బండ్లు స్థానికుల చేతికి వచ్చినవి. దొర బంగళాలో విలాసవస్తువైనది మానేభంజాంగులో కుటుంబమునకు కూడుపెట్టు సాధనమైనది. తండ్రి నడిపిన బండిని కుమారుడు నడుపుట అచ్చట వింత కాదు.

ఇంతకాలము ఇవి ఎట్లు నిలిచినవి? అల్యూమినియపు రేకు తుప్పుపట్టదు; కాని అది ఉక్కును తాకుచోట, తడి తగిలినచో, తెల్లని పొడిగా రాలిపోవును. చట్రము పెట్టెవలె నలుప్రక్కల అతికిన ఉక్కుదూలము. దానిలో చేరిన బురద లోపలినుండియే తినివేయును. కావున రంగు వేయుటకు ముందు చట్రమును సుత్తితో తట్టి చూచి, చివికినచోట కోసి కొత్త ఉక్కు అతుకవలయును. ఆనాటి బ్రేకులలో నాలుగు చక్రములకు నూనె పంపునది ఒక్కటే మార్గము. ఒక గొట్టము పగిలెనా, నాలుగు బ్రేకులును పోవును. కొండదారిలో అది ప్రాణగండము. అందుచేత నిత్యము నడుపదలచినవారు ముందు బ్రేకుల సంగతి, పిమ్మట చట్రము సంగతి, ఆ తరువాతనే ఇంజను సంగతి చూచుకొనవలయును. మొదటి రెండు గేర్లు వేయునపుడు క్లచ్చి రెండుమారులు తొక్కవలసిన ఆ పాతపద్ధతి మాత్రము డ్రైవరు కాలికి అభ్యాసమగుటయే గాని మరమ్మతుతో పోవునది కాదు.

ఇంజను విషయమున మానేభంజాంగు వారు మొగమాటపడలేదు. తొలినాటి పెట్రోలు ఇంజనునకు విడిభాగములు దొరకక, పెట్రోలు ఖర్చు భరింపలేక, చాలబండ్లలో దానిని తీసివేసి మహీంద్రా సంస్థవారి డీజిలు ఇంజను నమర్చుకొనిరి. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మనదేశమున జీపులు కూర్చుటతో ఆ సంస్థ వాహనముల పని మొదలైనది. జీపును చూచి పుట్టిన లాండ్‌రోవరునకు, వృద్ధాప్యమున, జీపు వంశమువారే గుండె నిచ్చిరన్నమాట.

అసలు చిక్కు ఇచ్చటనే కలదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమములకు చేసిన సవరణ ప్రకారము, తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చట్రము, పైకట్టు, ఇంజను విషయమున గణనీయమైన మార్పు పొందక తొలిరూపమున నిలిచిన వాహనమే ‘వింటేజి’ వాహనము. దానిని ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, మరమ్మతునకు, ఇంధనము పోయించుటకు రోడ్డుపైకి తేవచ్చును గాని నిత్యోపయోగమునకు గాని, వ్యాపారమునకు గాని నడుపరాదు. అనగా శాసనము గౌరవించునది మొదటి మార్గమును మాత్రమే. మార్పులు పొంది నిత్యము పనిచేయు బండి, ఎంత పాతదైనను, దాని దృష్టిలో కేవలము ఒక పాతబండి.

పాతబండ్లపై ఆంక్షలు అకారణములు కావు. ఢిల్లీ ప్రాంతమున 10 ఏండ్లు దాటిన డీజిలు, 15 ఏండ్లు దాటిన పెట్రోలు వాహనములను నడుపరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు, 2018లో సర్వోన్నత న్యాయస్థానము ఉత్తర్వులిచ్చినవి. శీతకాలమున ఢిల్లీ గాలి పీల్చినవారికి ఆ ఉత్తర్వుల కారణము వేరుగ చెప్పనక్కరలేదు. ముసలి ఇంజను పొగ ముచ్చటైన వస్తువు కాదు. అయినను, లక్షల వాహనములు క్రిక్కిరిసిన నగరమునకు తగిన కొలత, నలువది బండ్లు తిరుగు కొండదారికి తగునా యన్నది ఆలోచింపదగిన విషయము. వయస్సునే గాక బ్రేకును, చట్రమును, పొగను ఒక్కొక్క బండికి పరీక్షించి చూచుట న్యాయము. పరీక్షలో నిలువనిదానిని ఆపవలసినదే. నిలిచినదానిని మాత్రము పుట్టిన సంవత్సరమును బట్టి దోషిని చేయరాదు.

ఇటీవలి సంవత్సరములలో సందక్‌ఫూ దారిలో చాలభాగమునకు కాంక్రీటు పరచిరి. బొలేరో వంటి కొత్తబండ్లును కొండనెక్కుచున్నవి. పాతబండ్ల అవసరము తగ్గుటయు సహజమే. సెలవు ప్రయాణ సౌకర్యముపై డార్జిలింగు వెళ్లు మన ఉద్యోగ కుటుంబములు టైగర్ హిల్ చూచి మరలివచ్చుట పరిపాటి. ఒకదినము మిగిలినచో మానేభంజాంగు కూడ వెళ్లి, ఆ బండ్లలో ఒకదానియందు నడుము కొంత నొచ్చినను కూర్చుండి చూడవలయును. అవి అద్దాలగదిలో లేవు. బాడుగకు వచ్చును, బురదలో తడియును, సాయంకాలము మెకానిక్కు చేతికి పోయి, మరునాడు మరల కొండనెక్కును. వాటికి దక్కిన దీర్ఘాయువు ఆ పనివలననే దక్కినది.